గౌరి పాట వెంట డిగ్లీపూర్ దాకా

అండమాన్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా భీమిలిలో అందరూ అడిగేది ఒకటే: "జైలు చూశావా?" చూడలేదు. "పగడాల దిబ్బలు?" అవీ చూడలేదు. "మరి పదిరోజులు ఏం చేశావురా?" అంటారు. ఎక్కువభాగం బస్సులో కూర్చున్నానంటే ఎవరూ నమ్మరు. నమ్మేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. ఎనిమిదో తరగతి మధ్యలో బడికో దండం పెట్టి మైకుసెట్ల పనిలో పడినవాణ్ణి. రాతలో తప్పులుంటే దిద్దుకోండి. దారి మాత్రం సరిగ్గానే చెప్తాను.

ప్రోతరాపూర్

పోర్ట్‌బ్లెయిర్ పక్కనున్న ప్రోతరాపూర్‌లో మా పిన్ని కూతురు వరలక్ష్మి ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి రమ్మంటే వెళ్ళాను. వెళ్ళగానే తెలిసిందేమిటంటే, వాళ్ళ దృష్టిలో మనమంతా ఒకే ఊరివాళ్ళం. శ్రీకాకుళమైనా, చెన్నై అయినా, కోల్‌కతా అయినా అంతా "మెయిన్‌ల్యాండ్". ఇంకోటి, అక్కడి సూర్యుడు మన గడియారాన్ని లెక్కచెయ్యడు. సాయంత్రం ఐదుంపావుకే చీకటి. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వీధిదీపాలు వెలుగుతున్నాయి, రోజంతా పడుకున్నాననుకుని హడలిపోయాను. మన దగ్గర ఇద్దరు కలిస్తే వానల గురించి మాట్లాడుకుంటారు. అక్కడ ఓడ గురించి. "విశాఖ ఓడ ఎప్పుడంట?" "పదిహేనున అన్నారు, ఆయేగా కి నహీ ఎవరికి తెలుసు?" తారీకు మీద ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి ఆ మాట ఎప్పటికీ తెగదు.

గృహప్రవేశం మర్నాడు పెరట్లో వంజరం పులుసుతో భోజనాలు పెట్టారు. చేతులు కడుక్కున్నాక ముప్పై ఏళ్ళ మనిషొకడు ముందుకొచ్చి కూర్చున్నాడు. అతని ఒళ్ళో ఉన్నదాన్ని చూసి నాకు నవ్వాగలేదు. గిటారుని వేణ్ణీళ్ళలో ఉతికితే కుదించుకుపోయినట్టుంది.

"ఏంటిది తమ్ముడూ, పెద్దయితే గిటారవుతుందా?" అన్నాను.

"ఉకులేలె అంటారన్నయ్యా. ఒడ్డు మీద టూరిస్టొకడు ఒగ్గీసి ఎల్లిపోనాడు," అన్నాడతను ఏమీ అనుకోకుండా.

దానికి నాలుగే తీగలు. ఒకటి తెగిపోతే గాలానికి కట్టే తంగూసు బిగించాడు. మిగతా మూడూ గలగలా మోగుతుంటే తంగూసు మాత్రం జలుబు చేసిన గొంతులా మోగింది. మైకుల మనిషిని కదా, ముందు చెవి అక్కడికే పోయింది.

పేరు చిన్నారావు. పోర్ట్‌బ్లెయిర్ జెట్టీలో చేపల బోట్ల మీద పని. పాట ఎత్తుకోగానే వంటవాళ్ళు కూడా గరిటెలు దింపేసి వచ్చారు. కథ చెప్పే పాట అది. విశాఖ నుంచి ఓడ బయల్దేరింది. కింది తరగతి బంకుల్లో వాంతులతో అల్లాడుతున్న గౌరి అనే పిల్లకి, పై బంకు కుర్రాడు నిమ్మకాయ ఇచ్చాడు. మొదటి రోజు పేర్లు, రెండో రోజు నవ్వులు, మూడో రోజు పెళ్ళిమాట. పోర్ట్‌బ్లెయిర్‌లోనే లంబాలైన్ అనే పేటలో ఉన్న అక్కని చూడ్డానికి వచ్చిన పిల్ల, అక్క గుమ్మం తొక్కకుండానే నాలుగో రోజు గుడిలో తాళి కట్టించుకుంది. "మీ ఊరెక్కడ?" అంటే కుర్రాడు "ఇక్కడే, దగ్గిరే" అన్నాడు. ఆ దగ్గిర ఊరు డిగ్లీపూర్! బస్సులో పన్నెండు గంటలు. పాటలో సగం ఆ బస్సే. ఊరొచ్చినప్పుడల్లా ఆమె అడుగుతుంది, అతను జవాబు చెప్తాడు:

"ఇదేనేటి మీ ఊరు, ఇక్కడేనేటి?"
"ఇంకొంచెం ఎల్లాల, ఇదిగొచ్చేత్తాది."

చివరికి కాపురం ముప్పై ఆరు రోజులే. ముప్పై ఏడో రోజు ఆమె రుమాలు ఊపుకుంటూ తిరుగు ఓడెక్కేస్తుంది. అక్కడికొచ్చేసరికి ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. మా వరలక్ష్మి తన అప్పగింతలప్పుడు కూడా అంత ఏడవలేదు.

నాకు కుతూహలం ఆగదు. పక్కకి పిలిచి, ఇది నిజంగా జరిగిందా అని అడిగాను.

"నాకే జరిగినాదన్నయ్యా," అన్నాడు. "ఎనిమిదేళ్ళయిపోనాది."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. చెన్నై నుంచి రికార్డింగు మనిషొకాయన వచ్చి హోటల్లో దిగాడు. పాట తెగ నచ్చింది. సోమవారం రికార్డు చేస్తానన్నాడు. కాకపోతే పాటలో పేరున్న అమ్మాయి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం కావాలి. అది లేకపోతే పాట లేదు.

"అయితే విశాఖ వెళ్ళాలన్నమాట. ఓడ ఎప్పుడంట?" అన్నాను, అప్పటికే అక్కడి గాలి సోకి.

చిన్నారావు కాసేపు తంగూసు మీటాడు. "విశాఖ కాదు. డిగ్లీపూర్‌లోనే ఉన్నాది."

"ఓడెక్కింది కదా?"

"పాటలో ఎక్కినాది."

ఎనిమిదేళ్ళుగా జనం చేత ముక్కులు చీదిస్తున్నవాడు ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నాడో! తనతో రమ్మని అడిగాడు. "ఒక్కణ్ణీ ఎల్తే గుమ్మంలోంచే తరిమేత్తాది. పక్కన మెయిన్‌ల్యాండ్ మనిషుంటే మర్యాదకైనా కూకోమంటాది." నేను వెళ్ళింది అంతటి మర్యాద కోసమే.

జిర్కాటాంగ్ దగ్గర క్యూ

తెల్లవారకముందే బస్సెక్కాం. పాటలో గౌరి లంబాలైన్ మీదుగా పోతున్నప్పుడు, అక్క చూస్తుందేమోనని తల దించుకుంటుంది. నిజంగా దించుకుందా అని అడిగితే చిన్నారావు, "నాను దించుకున్నాను, ఆళ్ళ బావగారి సైకిలు కనపడతాదేమోనని," అన్నాడు. ఆ పాటని ఎంతవరకు నమ్మాలో అప్పుడే అనుమానం తగిలింది.

జిర్కాటాంగ్‌లో బళ్ళన్నీ బారులు తీరి ఆగుతాయి. అక్కణ్ణుంచి ఆదివాసుల రిజర్వు అడవి, అందరినీ ఒకేసారి వరసగా పంపుతారు. ఆగినంతసేపూ తిండే తిండి. ఒకామె బుట్టలో ఉడికించిన గుడ్లు, వడలు తెచ్చింది. వడ పదిహేను రూపాయలు. చట్నీలో కొబ్బరి ఎంత ధారాళంగా పోసిందంటే, మన దగ్గరైతే అది పెళ్ళివారి చట్నీ. కాని కారం లేదు. "దీదీ, మిరపకాయలు మెయిన్‌ల్యాండ్ నుంచి రాలేదా?" అంటే, "భయ్యా, కారం కావాలంటే మా ఆయన్ని పిలుస్తాను," అంది.

కండక్టర్ చిన్నారావుని గుర్తుపట్టాడు. "అరె చిన్నా భయ్యా! ఆజ్ ఉధర్ క్యూఁ? ఆమె లేని ఊళ్ళో నీకేం పని?" ఇక బస్సంతా పాట పాడమని పట్టుపట్టింది. పల్లవి దగ్గర డ్రైవర్ కూడా గొంతు కలిపాడు. ఓడ చరణం వచ్చేసరికి చిన్నారావు నా వైపు చూడకుండా పాడాడు. అడవిలోకి వెళ్ళాక మాత్రం పాటలు, ఫొటోలు, కేకలు ఏమీ వద్దన్నారు. చెట్లు చూశాను. అంతవరకే చూడాలి కూడా.

బస్సెక్కిన బోటు

అడవి దాటాక సముద్రపు పాయ. మనం దిగితే బస్సు బోటెక్కుతుంది. గోదావరి పంటు లాంటిదే, కాని ఇక్కడ గట్టు మీద మొసళ్ళున్నాయి జాగ్రత్త అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు చదువుతూ వెనక్కి అడుగేస్తే నా ఎడమ చెప్పు జారి నీళ్ళలో పడింది.

"పోనీలే అన్నయ్యా. మొసలికి ఒకటి సరిపోదు, రెండోదానికి అదే ఒస్తాది," అన్నాడు చిన్నారావు.

మిగిలిన దారిలో అతన్ని ఇంకో దిగులు పట్టుకుంది. పాటలో రెండు బోట్లున్నాయి. ఇప్పుడు రెండో చోట వంతెన కట్టేశారు. "రికార్డింగులో రెండో బోటు ఉంచనా, తీసీనా? అబద్ధం అయిపోతాదేమో," అన్నాడు.

"అంత పెద్ద ఓడ దాచినవాడివి, బోటు దగ్గరా నీకు బాధ?" అన్నాను.

రంగత్‌లో పూరీలు

రంగత్‌లో బస్సు భోజనానికి ఆగింది. ఒంటి చెప్పుతో దిగాను. చెప్పుల కొట్టువాడు నా కాలు చూసి, బేరానికి తావు లేదని గ్రహించి నూట ఎనభై అన్నాడు. ఇచ్చేశాను. చేపల భోజనం మాత్రం నూట యాభైకే, పక్కన పచ్చిమామిడి ముక్కలు కూడా వేశారు.

పాట ప్రకారం రంగత్‌లో గౌరి ముద్ద ముట్టలేదు, కన్నీళ్ళు పూరీ మీద పడ్డాయి. హోటలాయన్ని అడిగాను, గుర్తుందా అని. ఆయన పలాసవాడు, వచ్చి ముప్పై ఏళ్ళయిందట. "పాట తెలుసు గాని బావూ, మా పూరీ ముందర పెట్టుకుని ఏడిసినోళ్ళని నేనెప్పుడూ సూడనేదు," అన్నాడు. చిన్నారావు తల వంచుకుని నాలుగో పూరీ తిన్నాడు.

డిగ్లీపూర్

చివరి ఊరంటే సముద్రం, కొబ్బరిచెట్లు అనుకున్నాను. దిగేసరికి వరిచేలు! అచ్చం మన శ్రీకాకుళం వైపు చేలే, గట్ల మీద బెంగాలీలో అరుస్తున్న ముసలాయన ఒక్కడే తేడా. చిన్నారావు అన్నగారింట్లో దిగాం. పోర్ట్‌బ్లెయిర్‌కి మకాం మార్చకముందు అతను ఉన్నదీ ఆ ఇంట్లోనే. తలుపుకి గొళ్ళెం తప్ప తాళం లేదు. దొంగతనం చేసినవాడు ఎక్కడికి పోతాడు, పన్నెండు గంటలు బస్సులో కూర్చోవాలి కదా అన్నారు.

మర్నాడు పొద్దున్నే, రెండు కిలోమీటర్ల దూరంలో బజారు చివర గౌరి కుట్టుమిషను కొట్టుకి వెళ్ళాం. గోడ నిండా నీలం స్కూలు చొక్కాలు. మిషను ముందు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. చిన్నారావుని చూసింది, నన్ను చూసింది.

"ఈయనెవరు, సాక్షా?"

"మెయిన్‌ల్యాండ్ నుంచి ఒచ్చారు," అన్నాడు చిన్నారావు.

"నేనూ అక్కణ్ణుంచే వచ్చాను. దానికేం?" అని నాకు మాత్రం స్టూలు జరిపింది. మర్యాద పనిచేసింది, నా వరకే.

చిన్నారావు కాగితం తీశాడు, సోమవారం సంగతి చెప్పాడు. ఆమె కాగితం ముట్టుకోలేదు. "ముందు పాడు. మొత్తం. నా గురించి ఊరంతా విన్నారు, నేనే వినలేదు."

"వినలేదా?" అన్నాను.

"ముక్కలు విన్నానండి. కొట్టు ముందు నుంచి పోయే కుర్రాళ్ళు పాడితే."

అతను మొదలుపెట్టాడు. ఆమె పని ఆపి, చేతులు గుడ్డ మీద పెట్టుకుని వింది. ఓడ, బంకు, నిమ్మకాయ. ఒకసారి పెదవి చివర నవ్వు కూడా కదిలింది. "తల దించుకుని గౌరి" అనగానే మిషను గడగడా కుట్టడం మొదలెట్టింది. పల్లవి రాగానే ఆగింది. "ఇదిగొచ్చేత్తాది" అన్నప్పుడు తలూపింది కూడా, సరిగ్గా అలాగే అన్నాడన్నట్టు. పూరీ మీద కన్నీళ్ళు రాగానే మళ్ళీ మిషను. నాకప్పుడు అర్థమైంది. అబద్ధం వచ్చినప్పుడల్లా ఆమె కుడుతోంది. చిన్నారావుకీ అర్థమైంది, ఒక తీగ తప్పు మీటాడు.

"నేనేడవలేదు," అంది దారం తెంపుతూ. "మూడు పూరీలు తిన్నాను. నువ్వు ఏడ్చావు, మీ అమ్మతో ఏం చెప్పాలో తెలీక."

"అవును," అన్నాడు.

ముప్పై ఆరు రోజుల దగ్గరికొచ్చాడు. అక్కడ మిషను ఆగే ఉంది. ఓడ చరణం ఎత్తుకున్నాడు. ఆమె తొక్కడం మొదలెట్టింది, ఎంత గట్టిగానంటే రుమాలు ఊపినట్టు పాడాడో లేదో కూడా నాకు వినబడలేదు. ఒక చొక్కా చెయ్యి మొత్తం కుట్టేసింది. అతను ఆపేశాక ఇంకాసేపటికి ఆపింది.

"పోర్ట్‌బ్లెయిర్ నుంచి వచ్చిన ప్రతివాడూ నాకే చెప్తాడండీ," అంది నాతో, "పాపం ఆ గౌరి ఓడెక్కి వెళ్ళిపోయిందట కదా అని. నేనప్పుడు వాడి ప్యాంటు కొలతలు తీస్తూ ఉంటాను."

నేను గట్టిగా నవ్వేశాను. చిన్నారావు నవ్వలేదు. "మరి అసలేం జరిగింది?" అని అడిగాను. నోరు ఊరుకోదు.

"ఏం జరగలేదు, అదే జరిగింది. ఓడ మీద మూడు రోజులు ఆపకుండా మాట్లాడాడు. ఇంటికొచ్చాక ముప్పై ఆరు రోజుల్లో మూడు మాటలు మాట్లాడలేదు. ఓడ మీద ఇద్దరికీ పని లేదు కదండీ. ఇక్కడేమో చేపల వేటకెళ్ళడం, రావడం, పడుకోవడం. ఏంటి, ఏమైంది అంటే ఏటి నేదు అనేవాడు. ఒకరోజు సంచీ పట్టుకుని ఈ కొట్టు గుమ్మంలో కూర్చున్నాను. అప్పుడు కొట్టు నడిపే టైలరమ్మ గుండీలు కుట్టమంది."

"లంబాలైన్‌లో మీ అక్క ఉంది కదా?"

"అక్కడికి వెళ్తే నన్ను కారణాలడుగుతారు. ఇక్కడ నేను కొలతలడుగుతాను." కాస్త ఆగి అంది: "మొదటి ఏడు వెళ్ళిపోదామనే అనుకున్నాను. కాని బళ్ళు తెరిచే నెల, చేతిలో సగం కుట్టిన యూనిఫారాలు. ఎలా వెళ్తాను? మరుసటేడూ అంతే."

చిన్నారావు ఉకులేలె ఒళ్ళో బోర్లించుకుని, "నువ్వు మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నావని ఎలగ పాడను? దానికి ఏటి బాణీ ఉంటాది?" అన్నాడు. పాటలో కాకుండా అంత పెద్ద మాట అతను మాట్లాడటం నేనదే వినడం. ఆమె కూడా చాలాకాలానికి విన్నట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేనేం రమ్మనట్లేదు," అంది. "లేనని మాత్రం పాడకు."

కాగితం తీసుకుని రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి అతని చేతికిచ్చింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి నాకందించాడు. బళ్ళో హిందీలో చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గాని అక్షరం పోల్చుకోలేడు. నా బతుకులో మొదటిసారి ఒక చోట చదువుకున్నవాణ్ణయ్యాను. గొంతు సవరించుకుని పైకి చదివాను:

"పేరు ఉంచొచ్చు. ఓడ తీసెయ్యాలి. గౌరి."

టీ మాత్రం ఇవ్వలేదు.

తిరుగు బస్సు

సోమవారానికి ఇంకా ఒక్కరోజే ఉంది. అతని చేతిలో సంతకం ఉంది, చివర లేని పాట ఉంది. బస్సెక్కే ముందు రికార్డింగు మనిషికి ఫోను చేశాడు. ఆయన అవతల నుంచి, ఓడ లేకపోతే పాటకి ముగింపేదయ్యా, ఏదో ఒకటి పట్టుకురా అన్నాడట. ఏం పాడతావు అంటే చిన్నారావు కిటికీ వైపు తిరిగాడు. నేను సలహాలిచ్చాను. గౌరి మళ్ళీ పెళ్ళి చేసుకున్నట్టు పాడు, లాటరీ తగిలినట్టు పాడు, మొసలి నా చెప్పు తెచ్చిచ్చినట్టు పాడు. ఏదీ నచ్చలేదు.

దారిలో మొదటి పెద్ద ఊరు మాయాబందర్ ఇంకా రాలేదు. వెళ్ళేటప్పటి కండక్టరే. "భయ్యా, గానా!" అన్నాడు. చిన్నారావు వద్దన్నాడు. వాళ్ళు ఊరుకోలేదు. పాడాడు. లంబాలైన్ దగ్గర తల దించుకున్నది తనేనని మార్చాడు, జనం నవ్వారు. రంగత్‌లో గౌరి చేత మూడు పూరీలు తినిపించాడు, ఇంకా నవ్వారు. ముప్పై ఆరు రోజుల దాకా వచ్చి చెయ్యి తీగల మీద అలాగే పెట్టి ఆగిపోయాడు.

బస్సు కాసేపు ఎదురుచూసింది.

"జహాజ్ కహాఁ గయా?" అన్నాడు కండక్టర్. "ఓడేదీ?" "చివర పాడు భయ్యా!" అని నాలుగు వైపుల నుంచీ గోల.

"ఓడ నేదు," అన్నాడు చిన్నారావు. "ఆమె ఎక్కనేదు. డిగ్లీపూర్‌లోనే ఉన్నాది. మొదట్నుంచీ."

ఎనిమిదేళ్ళుగా ఏడిపించి ఇప్పుడీ మాటా అని ఒకాయన విసుక్కున్నాడు. మా ముందు సీట్లో వక్కల సంచి ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ మెల్లగా వెనక్కి తిరిగింది. మన శ్రీకాకుళం వైపు మాటే, ఇంకా పచ్చిగా.

"ఓరి బావూ, ఆ గౌరి గుంట ఆడే ఉంటే, మరి ఎల్లిపోనోళ్ళు ఎవులు?"

చిన్నారావు ఆమెని చూశాడు, తర్వాత వెనక్కి పోతున్న చేలని చూశాడు.

"నానే పెద్దమ్మా."

"మరదే పాడు," అంది ముసలమ్మ, అందులో ఆలోచించడానికేముంది అన్నట్టు.

తంగూసు బిగించాడు. అది మళ్ళీ జలుబు గొంతుతోనే మోగింది.

"ఓడెక్కనేదు గౌరి, ఊళ్ళోనె ఉన్నాది,
బస్సెక్కి ఎల్లిపోనోణ్ణి నానే."

రికార్డింగు మనిషికి అది నచ్చిందో లేదో నాకు తెలియదు. సోమవారం నేను తిరుగు ప్రయాణంలో ఉన్నాను. బస్సులో వాళ్ళకి మాత్రం ఒకసారితో సరిపోలేదు. మాయాబందర్ వచ్చేదాకా ఆ రెండు వరసలే మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు. మూడోసారి నుంచి అందరూ గొంతు కలిపారు, డ్రైవర్‌తో సహా. కాని చివరి మాట దగ్గరికి రాగానే, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే బస్సంతా ఆగిపోయేది. "నానే" అని అతనొక్కడే పాడేవాడు.